పన్నెండు రకాల తుంగ

1893 జులై 3, సోమవారం
మొక్కలు సేకరించే దొరగారు మా బడికి వచ్చారు. ఆకే లేని తుంగలుంటాయట: ఉత్త పచ్చని పుల్ల, కొసన చిన్న కంకి. మన మడుగుల్లో పన్నెండు రకాలైనా దొరుకుతాయట. "నెలాఖరుకు పన్నెండూ ఎండబెట్టి చూపించు పంతులూ, రాజమండ్రిలో నా దగ్గరే ఉద్యోగం" అన్నారు. రోజుకొకటి చాలు!
నా భార్య రామతులసి అప్పుడే చీరలు సర్దేసింది. "మా అక్క వీధిలోనే ఇల్లు తీసుకుందామండీ!"

జులై 4
సూర్యోదయానికే మడుగులో దిగాను. మూడు రకాలు! జానెడు, మూరెడు, నడుమెత్తు. కాగితాల మధ్య పెట్టి, పైన బరువుకు రుబ్బురోలు పొత్రం పెట్టాం. ఈ లెక్కన వచ్చేవారానికే పూర్తి!

జులై 7
ఇంకొకటి. కాడ నొక్కితే టపటపమంటుంది. నొక్కుతూ కూర్చున్నాను. పొద్దుపోయింది.

జులై 9
పిక్కకు జలగ! రామతులసి ఉప్పు చల్లి ఊడదీసింది. నేను అరవలేదు. వీధిలోవాళ్లు విన్నది మా గేదెను.

జులై 12
ముసురు. రేపు చూద్దాం.

జులై 13
ముసురు తగ్గింది. కానీ మడుగంతా తడి.
"మడుగు పొడిగా ఎప్పుడుంటుందండీ?"
అంది రామతులసి. బడికి వేళయిందని బయల్దేరాను.

జులై 22
పొడుగువి కత్తిరిస్తే పొట్టి రకాలయ్యాయి. మొత్తం పదకొండు. తప్పేముంది?

జులై 30
ఒకటి తక్కువ. పెరట్లో ఉల్లికాడ పచ్చగా, నిటారుగా కనిపించింది. కొసన కంకి అతికించాను.

జులై 31
దొరగారు పడవ దిగారు. భూతద్దం తీశారు.
"ఇవి రెండే రకాలు. గింజ ముదరకుండా కోస్తే ఏది ఏదో ఎలా తెలుస్తుంది పంతులూ?"
పన్నెండోదాన్ని వాసన చూశారు. మళ్లీ చూశారు.
"ఇది పులుసులోది."
ఉద్యోగం మాట ఎత్తకుండానే పడవెక్కారు. కార్తీకంలో మళ్లీ వస్తారట.
రామతులసి నవ్వలేదు. సర్దిన చీరలు ఒక్కొక్కటే తీసి దండెం మీద వేసింది. అది చూడలేకపోయాను.
"ఆ జలగ పట్టాక నీళ్లలో దిగాలంటే భయమని నాకైనా చెప్పొచ్చుగా" అంది.
"చెబితే నవ్వుతావనుకున్నాను."
"నవ్వేదాన్నే. తోడూ వచ్చేదాన్ని."

ఆగస్టు 1
కార్తీకానికి గింజలు ముదురుతాయి. మళ్లీ మొదలు! రామతులసి చీర మోకాళ్లదాకా ఎగదోపి ముందు దిగింది, చెయ్యి చాచింది. పట్టుకుని దిగాను. పొద్దెక్కేదాకా ఏవేవో మాట్లాడుకున్నాం. ఒక్క పుల్లా కోయలేదు.
రేపటినుంచి మాత్రం గట్టిగా.