ఎర్ర గళ్ళ తువ్వాలు

నోవై, ఏప్రిల్ 13

అక్కా, నా ఒంటిమీద గీత కూడా పడలేదు, ముందు ఆ మాట చదువు. ఫోన్‌లో చెప్తే మా ఆవిడ సుధ వింటుందని కార్డు రాస్తున్నాను.

వచ్చే శనివారం ఇక్కడ టర్కీ కోళ్ళ వేట మొదలవుతుంది. నదిలో పడవమీద వెళ్తూ, ప్రభుత్వ అడవిలో ఎక్కడ దిగాలో చూసుకుందామని మా ఆఫీస్ శ్రీధర్, నేనూ నిన్న ఉత్త చేతులతో బయల్దేరాం. అతను పడవ కడుతుంటే నేను పొదలో కూర్చుని, పుంజుల్ని రప్పించడానికి పెట్టలా అరిచే చెక్కపెట్టె వాయించడం నేర్చుకుంటున్నాను. చలిగా ఉందని నువ్వు నేసి పంపిన ఎర్ర గళ్ళ తెల్ల తువ్వాలు తలకు చుట్టుకున్నాను. ఇంతలో ఎదురుగా చెట్టు చాటునుంచి ఒక ముసలాయన లేచాడు. ఆకుల రంగు బట్టలు, చేతిలో బైనాక్యులర్స్, ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"టర్కీ పుంజు తలమీద కూడా ఇవే ఎరుపూ తెలుపూ ఉంటాయి. పది నిమిషాలుగా నిన్నే పుంజనుకుని చూస్తున్నాను. వచ్చే శనివారమైతే నా చేతిలో తుపాకీ ఉండేది" అన్నాడు.

శ్రీధర్ పరుగెత్తుకొచ్చి, "అన్నా, ముందు అది తీసెయ్! ప్లాన్ మొత్తం మళ్ళీ చేద్దాం" అన్నాడు. నేను తువ్వాలు లాగేసి చొక్కాలో దాచేశాను.

బావ కంటి ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారా? సుధ దగ్గర నోరు జారకు. నాకని మగ్గంమీద నేస్తున్న రెండో తువ్వాలు బావకే ఉంచు. నా తలమీద నీ చెయ్యి ఉంటే చాలు.

నీ తమ్ముడు,
చంద్రమౌళి