మనుషులమండీ!

కాలవగట్టు పాలెం, నరసాపురం తాలూకా,
1894 డిసెంబరు నెల, గురువారం.

ప్రభువునందు ప్రియమైన మరదలు సూరమ్మకు, నీ వదిన దీనమ్మ దీవించి వ్రాయునది. ఇక్కడ నేనూ, నీ కూతురు బేబీ దేవుని దయవల్ల క్షేమం. రాజమండ్రిలో నువ్వూ, తమ్ముడు లాజరూ, ఉయ్యాల్లో ఉన్న చంటివాడూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. బేబిని వెంటనే పంపించెయ్యమని రెండు చోట్ల రాశావు. మొదటిసారి బతిమాలినట్టుంది, రెండోసారి కోప్పడినట్టుంది. పెళ్లయిన కొత్తలో నా ముందు నోరెత్తేదానివి కాదు, ఇద్దరు పిల్లల తల్లివయ్యాక నీకూ నోరొచ్చిందన్నమాట. నవ్వుకున్నాను. తర్వాత దిగులేసింది. నీ పురుటికని తెచ్చుకున్న పిల్ల, ఇంతలోనే నా ఇంటిదైపోయింది.

పడవ మీద రాజమండ్రి వచ్చిన చిట్టియ్య, బేబి బండి కింద పడిందని నీతో చెప్పాడట. పడలేదు. పడబోయింది. ఆ మాట నేను ముందే రాయాల్సింది, రాయలేదు. ఇప్పుడు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, చివరిదాకా చదివాకే తిట్టు.

నా రాత్రిబడి సంగతి నీకు తెలుసుగా. మన పేట పిల్లలంతా పగలు పొలాల్లో కోతకి రాలిన పరిగె ఏరుకునో, గేదెల్ని కాసుకునో పొద్దుగుంకాక బడికొస్తారు. చదువయ్యాక కాలవగట్టు మీదుగా ఇళ్లకి పోతారు. ఇది కోతల కాలం. ధాన్యం బండ్లు దీపం లేకుండా ఒకదాని వెనక ఒకటి అదే గట్టు మీద పోతుంటాయి. మన పిల్లల గుడ్డలంటావా, ఉతికినా మట్టిరంగే. గట్టుకీ వాళ్లకీ తేడా ఉండదు.

ఆ రాత్రి బడి వదిలాక బేబి నన్ను వెనకే వదిలేసి ఆడపిల్లలతో ముందుకి పరిగెత్తింది. ఎదురుగా అబ్బులనే బండివాడు ధాన్యం తోలుకొస్తున్నాడు. దారిలో ఏదో కదిలినట్టనిపించి, ఎవరక్కడ అని కేకేశాడట. ఒక్క పిల్లా పలకలేదు. ఎందుకు పలుకుతారు? చీకట్లో ఎవరు పిలిచినా పలక్కూడదు, పలికితే దెయ్యం గొంతు పట్టుకుపోతుందని ఇళ్లలో నూరిపోశారు కదా! గుడిలో బాప్తిస్మం తీసుకున్నాం గానీ ఈ భయాలకి బాప్తిస్మం ఇప్పించలేదు. నువ్వు మాత్రం చెప్పలేదంటావా? బేబిని అడిగితే అమ్మే చెప్పిందంది. మిగతా పిల్లలు పక్కకి పారిపోతే, నీ కూతురు రెండు చేతులతో నోరు మూసుకుని సరిగ్గా చక్రాల గాడిలోనే కూర్చుండిపోయింది.

ఎద్దులే ఆగాయి తల్లీ. అబ్బులు దాన్ని ఎత్తుకుని నా దగ్గరికి తెచ్చాడు. పంతులమ్మగారూ, అక్షరాలు తర్వాత చెబుదురు గానండి, ముందీళ్లకి నోరు తెరవడం నేర్పండి, అన్నాడు. ఎప్పుడూ ఎవరిచేతా మాట పడనిదాన్ని, ఆ రాత్రి పడ్డాను. పిల్లని ఒళ్లో వేసుకుని తెల్లారేదాకా ఏడ్చాను.

మర్నాటి నుంచి పలకలు పక్కన పెట్టించాను. లేసు అల్లే ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి, మాసిపోయాయని, లేసు కొనే దొరసానిగారు వద్దన్న ముక్కలన్నీ అడిగి తెచ్చాను. చాకిరేవులో ఉడకబెట్టిస్తే మల్లెపూలలా తేలాయి. ఒక్కొక్కరికి తలకొకటి, వీపు మీదొకటి కట్టాను. మగపిల్లలు ససేమిరా అన్నారు. బుజ్జిబాబని ఒకడున్నాడు, మేమేమన్నా పెళ్లికూతుళ్లమా అని అలిగి కూర్చున్నాడు. సరేనని మసక చీకట్లో అందరినీ గట్టు మీద నడవమని నేను బడి గుమ్మంలో నిలబడ్డాను. కొందరికి ముక్కలు కట్టి, కొందరికి కట్టకుండా పంపాను. ఎవరు కనబడకుండా పోతే వాళ్ల పేరు పిలిచి, నువ్వు బండి కింద పడ్డావురా అన్నాను. అందరికంటే ముందు పడ్డది బుజ్జిబాబే. మర్నాడు వాడే వచ్చి రెండు ముక్కలు ఎక్కువ అడిగాడు.

నాకు కనబడితే బండివాడికి తప్పక కనబడతారు, నాకు కనబడకపోతే ఎవరికీ కనబడరు, ఇదే మన లెక్క అని చెప్పాను. పిల్లలకి బాగా ఎక్కింది.

కానీ సూరమ్మా, ఆ వారంలోనే ఇంకో తంటా వచ్చింది. పొరుగూరి నుంచి కొత్తగా వచ్చిన బండివాడొకడు, మనుషులు లేకుండా తెల్లటివి వరసగా ఊగుతూ రావడం చూశాడు. చూసి, ముల్లుకర్ర పారేసి, కెవ్వుమని కాలవలోకి దూకేశాడు! ఎద్దులు బండితో సహా వాటిదారిన ఇంటికి పోయాయి. మన పిల్లలే అతన్ని చెయ్యందించి పైకి లాగారు. పాపం, చలికో భయానికో పళ్లు టకటకలాడుతుంటే, మీరెవరండీ అని పిల్లల్ని గౌరవించి మరీ అడిగాడట. పేటంతా ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతోంది.

కనబడితే చాలదు, వినబడాలి కూడా అని అప్పుడు తెలిసింది. ఏమని కేకెయ్యాలి? చీకట్లో పేరు చెప్పడానికి పిల్లలకి భయం. ఎవరో పిలిచాక పలకడమంటే ఇంకా భయం. నేనింకా ఆలోచిస్తూనే ఉన్నాను, నీ కూతురే తేల్చేసింది. వాళ్లు పిలిచేదాకా ఎందుకత్తా, మనమే ముందు చెప్పేద్దాం, దెయ్యాలం కాదు మనుషులమండీ అని, అంది.

ఇప్పుడు బండి చప్పుడు వినబడితే చాలు, గట్టంతా ఒక్కటే కేక: మనుషులమండీ! మనుషులం! బండ్లవాళ్లకీ అలవాటైంది. చూశామమ్మా, పక్కకి రండి అని ఎద్దుల్ని నిలబెడుతున్నారు. మా నాన్న కాలంలో మనవాళ్లు పెద్దకులాల వీధుల్లో కేకేసేవాళ్లు, తమ నీడ ఎవరి మీదా పడకుండా తప్పుకోవడానికి. ఆ గొంతు నా చెవుల్లో ఇంకా ఉంది. ఈ పిల్లల కేక విన్న మొదటి రోజు నాకు ఒళ్లు జలదరించింది. ఎందుకో వాళ్లకి చెప్పలేదు. నీకు చెప్పాను, నువ్వు లాజరుకి చెప్పు.

అందుకని నా మాట విని బేబిని ఎండాకాలం దాకా ఉండనీ. గుణింతాలు సగంలో ఉన్నాయి. నువ్వు లేవన్న బెంగ మొదట్లో ఉండేది, ఇప్పుడు చేపల పులుసున్న రోజున లేదు. రాత్రి కాలు నా మీద వేసుకుంటే గానీ నిద్రపోదు. లాంతరు తనే పట్టుకుంటానని పేచీ. గట్టు మీద దాని చెయ్యి నా చేతిలోంచి వదలదు, ఆ సంగతి నమ్ము.

లాజరుకి నా దీవెనలు. చంటివాడికి ముద్దులు.

ఇట్లు,
నీ మేలు కోరే వదిన,
దీనమ్మ.

తా.క. ఉత్తరం మడిచి మళ్లీ విప్పాను. అందులో రాసిందేదీ అబద్ధం కాదు. కానీ రాయనిది ఒకటుంది. అది తెలియకుండా నిన్ను ఒప్పించడం న్యాయం కాదు. వేసవిలో జ్వరపడి లేచినప్పటి నుంచి నాకు రేచీకటి. దీపాలు పెట్టాక తెల్లటిది తప్ప ఏదీ కంటికి ఆనదు, అదీ మసగ్గానే. బేబి ముందుకి పరిగెత్తిన రోజున నేను వెనకబడింది నెమ్మదిగా నడిచి కాదు, దారి కనబడక. డాక్టరమ్మగారు మేక కార్జం, అవిసాకు తినమంటున్నారు, తింటున్నాను. బడి నడిపించే మిషనువాళ్లకి తెలిస్తే బడి మూసేస్తారని ఎవరికీ చెప్పలేదు. బేబి ఒక్కతే తనంతట తను కనిపెట్టింది. ఆ రోజు నుంచి లాంతరు ఒక చేత్తో, నన్నొక చేత్తో పట్టుకుని, ఇక్కడ గుంట, ఇక్కడ రాయి అని నా ఒక్కదానికే వినబడేలా చెబుతూ ఇంటికి చేరుస్తోంది. ఆరేళ్ల పిల్ల, ఇంతవరకు ఒక్కరి దగ్గరా నోరు జారలేదు. ఇప్పుడు చెప్పమ్మా, ఉంచుతావో తీసుకెళ్తావో, నువ్వేమన్నా నాకు కోపం రాదు. తీసుకెళ్లడానికే వస్తే మాత్రం పగటి పడవకి రా. పగలైతే దాని చెయ్యి నేను పట్టుకుని రేవు దాకా తీసుకొస్తాను.