ఊఫర్ బాగుపడింది బావా

పూండి,
6-12-2004

డేనియల్ బావకి వందనాలు.

టెక్కలి నుంచి తెచ్చి మా సర్చికి నువ్వు బిగించిన ఊఫర్, ఆ దిమ్ముదిమ్ముమనాల్సిన స్పీకరు పెట్టె, దోమలాగ గుయ్యిమంటంటే, పాస్టరుగారు "ఎనక్కి పంపీండి" అన్నారు. నాకు సిగ్గేసి, నువ్వు ఫోన్‌లో సెప్పినట్టే దాన్ని గోడ మూలకి జరిపి, తిరగేసి బిగించిన ఎర్ర, నల్ల వైర్లు మార్సీసినాను.

నిన్న ఆదివారం పాట మొదలెట్టగానే కిటికీలు అదిరాయి. పాస్టరుగారి కళ్ళజోడు ముక్కు మీదకి జారిపోయింది. పదేళ్ళుగా సెవులు వినబడని మా నాన్నమ్మ వరమ్మ గుండె మీద సెయ్యెట్టుకుని, "ఒరే, పాట నాకు తగుల్తంది!" అని ఏడిసీసింది. తరవాత ఎల్లి ఊఫర్ మీదే కూకుండిపోయింది. ఎంత పిలిసినా లెగలేదు.

సౌండు తగ్గించమని పాస్టరుగారు నీకు కబురెడతారు. జొరమొచ్చిందని సెప్పీసి, రావడం మానీ. అబద్ధమాడితే ప్రభువు క్షమిస్తాడు గానీ, సౌండు తగ్గిస్తే నాన్నమ్మ నిన్ను వదల్దు.

ఇట్లు,
నీ బావమరిది