బుర్ర బాగున్నప్పటి మార్కులు

డార్లీన్ అక్కా,

వారం రోజులు ఫోను ముట్టుకోవద్దంది మా టీము డాక్టరమ్మ, అందుకే ఈ ఉత్తరం. ఆదివారం మా అమెరికన్ ఫుట్‌బాల్ ఆట టీవీలో చూసి హడలిపోయి ఉంటావు. అవతలివాడి హెల్మెట్ నా తలకి తగిలి పడ్డమాట నిజమే. వెంటనే లేచి, హుషారుగా నడిచి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ వాళ్ళ టీముది, అంతే తేడా.

డాక్టరమ్మ పది మాటలు చదివి తిరిగి చెప్పమంది. ఆరు చెప్పాను. ఆటలు మొదలవకముందు ఇదే పరీక్ష పెట్టి మార్కులు రాసుకున్న పాత కాగితం తీసి చూసి, "ఏమయ్యా, జూలైలో తల బాగున్నప్పుడు నాలుగే చెప్పావు. దెబ్బ తగిలితే తెలివి పెరిగిందా?" అంది.

జూలైలో కావాలనే తప్పులు చెప్పానక్కా. దెబ్బ తగిలాక వచ్చే మార్కుల్ని వాటితోనే పోలుస్తారు కాబట్టి, అప్పుడు తక్కువ వస్తే ఆ రోజు ఎన్నొచ్చినా పాసయిపోయి ఆడొచ్చు. మాలో చాలామంది ఎత్తు అదే. ఆవిడ ముందు ఒప్పేసుకున్నాను. తిట్టలేదు. పకపకా నవ్వి, నా హెల్మెట్ తన గదిలో పెట్టి తాళం వేసింది.

ఈ ఆదివారం ఆట లేదు కాబట్టి నీ గంబో పులుసు తినడానికి వస్తాను. రొయ్యలు దండిగా వెయ్యి.

నా తల మామూలుగా ఎలా ఉండేదో చెప్పే నమ్మకమైన కాగితం లేదు కదా, డాక్టరమ్మ ఇంట్లోవాళ్ళనే అడుగుతుందట. వచ్చే శుక్రవారం నీకు ఫోన్ చేస్తుంది. నిజమే చెప్పు, నా కోసం అబద్ధమాడకు. కానీ "వాడు చిన్నప్పట్నుంచీ ఇంతే" అని మాత్రం అనకక్కా, జన్మలో హెల్మెట్ ఇవ్వదు.

నీ తమ్ముడు