పంచకం రాకముందే

తుష్నాబాద్,
జులై నెల

ప్రియమైన భర్త శామ్సన్ గారికి లవీనా వందనాలు.

రోజూ ఫోన్లో అంతా బాగానే ఉందంటున్నాను. అది అబద్ధం. మీ గొంతు వింటూ చెప్పలేక రాస్తున్నాను. షిప్పులో ఈ ఉత్తరం మీరున్న క్యాంప్‌బెల్ బే దీవి చేరేసరికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కాస్త గడువు నాకు కావాలి.

నాన్న ఇచ్చిన పొలం అమ్మి టౌన్లో, డెలానీపూర్‌లో, రెండు పోర్షన్ల ఇల్లు కొన్నాక, ఎవరిని అద్దెకి పెట్టాలి, ఎవరిని వద్దనాలి అని ప్రతిదానికీ మిమ్మల్నే అడిగేదాన్ని. "నిర్ణయాలు తీసుకోవడం నేర్చుకో" అని విసుక్కున్నారు. నేర్చుకున్నాను.

ముందు పోర్షన్‌లో ఆఫీసు ఉద్యోగం చేసే సరోజిని ఉంది. వెనకది, హట్‌బే దీవి నుంచి వైద్యానికి వచ్చిన అప్పయ్యకీ ఆయన భార్య నూకరత్నానికీ ఇచ్చాను. డాక్టర్లు ఇక చేసేదేమీ లేదన్నాక ఆమె ఆయన్ని గదికే తెచ్చుకుంది. ఆ మర్నాడు నేను అక్కడికి వెళితే సరోజిని క్యాలెండరు పట్టుకొచ్చింది.

"దీదీ, సోమవారం నుంచి ధనిష్ఠా పంచకం. అందులో గాని పోయాడా, ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాల. నేనొక్క పూట ఉండను."

"మాకవి లేవు సరోజినీ."

"మీకు లేవు. అద్దెకొచ్చేవోళ్ళకి ఉంటాయి కదా!"

మనం నమ్మం. అయినా బస్సులో ఇంటికొస్తూ సోమవారానికి ఇంకెన్ని రోజులున్నాయో లెక్క చూసుకున్నాను. మీకు చెబితే వాళ్ళని ఉండనిమ్మంటారు. అందుకే చెప్పలేదు.

శుక్రవారం వెళ్ళి, సొంత ఊళ్ళో నలుగురి మధ్య ఉంటే ఆయనకి నెమ్మదిగా ఉంటుందని నూకరత్నంతో అన్నాను. ఆయన మేలు కోరినట్టే అన్నాను. "నిజమే అక్కా" అంది. టికెట్లు నేనే తీయించాను. శనివారం వానకి షిప్పు ఆలస్యమైంది. ఫీనిక్స్ బే జెట్టీ షెడ్డులో, మూటల మధ్య, అప్పయ్య పోయాడు. పోర్టర్లు దుప్పటి కప్పారు.

సరోజినికి చెబితే మళ్ళీ క్యాలెండరు తీసింది. "ఈ రోజు నక్షత్రం మంచిదే దీదీ. ఇంట్లో పోయినా ఏం కాకపోను" అంది.

ఆదివారం చర్చిలో ఆ కుటుంబం కోసం ప్రార్థన చేశారు. నేనూ ఆమెన్ అన్నాను.

మీ లవీనా


తుష్నాబాద్,
ఆగస్టు నెల

ప్రియమైన శామ్సన్ గారికి,

మీ జవాబు అందింది. తిడతారనుకున్నాను. ఇంకెవరికీ ఇలా చెయ్యకు అని ఒక్క ముక్కే రాశారు.

నిన్న నేను డెలానీపూర్ ఇంట్లో ఉండగా నూకరత్నం వచ్చింది. అక్కడికి దగ్గర్లో ఒక హాస్టల్లో వంటపని దొరికిందట. ఒంటరి ఆడదానికి ఎవరూ గది ఇవ్వడం లేదట. "వెనకది ఖాళీగానే ఉందంట కదక్కా?" అంది. ఇస్తే ఇక ఎప్పుడు వెళ్ళినా ఆమె మొహం చూడాలి. లేదని చెప్పబోయాను. సరోజిని వరండాలోంచి, "ఇచ్చెయ్ దీదీ, వంటమనిషి పక్కనుంటే నేను స్టవ్వు ముట్టుకోను" అని నవ్వింది. తాళం ఇచ్చాను. మిమ్మల్ని అడగలేదు.

గది ఊడ్చుకున్నాక నూకరత్నం గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, నాకూ జబ్బు చేస్తే కాస్త ముందే వెళ్ళమని చెప్పు. ఈసారి ఊరు చేరేలా బయల్దేరతాను."

ఎత్తిపొడిచిందేమోనని మొహంలోకి చూశాను. కాదు. అద్దె ఇళ్ళ పద్ధతే అంత అనుకుంటోంది.

"అలాంటిదేం లేదు, ఉండు" అన్నాను. "ఏం జరిగినా ఉండు" అనడానికి మాత్రం నాకు నోరు రాలేదు.

మీ లవీనా