పెట్రోలు మూత మీది పసుపు

ఆదివారం రాత్రి

నాన్న అంబాసిడర్ ఇవాళ పామర్రు దాటగానే మళ్లీ ఆగిపోయింది. ట్యాంకు నిండా పెట్రోలుంది, ఇంజన్‌కే అందడం లేదు. పంపు మార్పించాను, కార్బొరేటర్ రెండుసార్లు కడిగించాను.

"ఇంక అమ్మేద్దామండీ," అంది సరళ.

ఉక్రోషంతో ట్యాంకు మూత తిప్పాను. సుయ్‌మని గాలి లోపలికి పోయింది! మూతకున్న సన్నటి చిల్లు పసుపుతో పూడుకుపోయింది. గాలి లోపలికి పోకపోతే పెట్రోలు బయటికెలా వస్తుంది? సరళ తన గాజులకున్న పిన్నీసు తీసి పొడిచింది. అంతే, చల్లపల్లి వెళ్లి బెజవాడ తిరిగొచ్చేదాకా ఎక్కడా ఆగితే ఒట్టు! దారంతా సరళ పాటలే. అమ్మే మాటే ఎత్తలేదు.

పాపం, మెకానిక్ రహీం గారిని ఎన్ని మాటలన్నానో. రేపు ఏ మొహంతో వెళ్లాలి...

దసరాకి, దారిలో ఏ ఆటంకమూ రాకూడదని మూతకి అంత పసుపు మెత్తింది నేనే.