రాసిన చెయ్యి నాది కాదు

సోలాపూర్,
అక్టోబరు 6, 1991

భివండి మరమగ్గాల చప్పుడులో బతుకుతున్న నా కొడుకు యాదగిరికి, నీ తిండీ నిద్రా సరిగ్గా ఉండాలని కోరుకుంటూ నీ తల్లి చంద్రభాగ చెప్పి రాయిస్తున్న సంగతులు.

నీ ఉత్తరం అందింది. శాంత చదివి వినిపించింది. అక్కడ ఉండడానికి ఒక గది, ఖోలీ దొరికిందనీ, దీపావళి కాగానే వచ్చి పెళ్లాన్నీ పిల్లనూ తీసుకుపోతాననీ రాశావు. ఖోలీ దొరికినందుకు సంతోషం. కాని శాంత ఇప్పుడు రాదు. డిసెంబరులో దానికి పరీక్ష ఉంది. ఆ పరీక్ష రాసేదాకా నా కోడలిని ఈ గడప దాటి ఎవరూ తీసుకుపోలేరు, మొగుడైనా సరే.

ఈ ఉత్తరం రాస్తున్నది కూడా శాంతే. మన ఇంట్లో తెలుగు రాసే చెయ్యి అదొక్కటే కనుక దానినే కూర్చోబెట్టాను. "నా గురించి నేనే ఎట్ల రాస్త అత్తమ్మా, ఆయన ఏమనుకుంటడు?" అని గునిసింది. "నువ్వు రాసేది నీ గురించి కాదు, నా మాట. కలం పట్టు" అన్నాను. నేను మామూలుగా చెబుతుంటే అది పుస్తకాల తెలుగులోకి దిద్దుకుంటూ రాస్తున్నది. దిద్దనీ. అర్థం మారకపోతే చాలు.

ఆ చదువేమిటో నీకు తెలియదు. ఐసీడబ్ల్యూఏ అంటారట. ఒక వస్తువు తయారు కావడానికి అసలు ఖర్చు ఎంతో తేల్చే చదువు. మొదట్లో నాకూ నచ్చలేదు. ఒకరోజు నేను బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని గట్టిగా చదువుకుంటున్నది. ఏ పనిలోనైనా కొంత సరుకు పాడవుతుంది, అది నార్మల్ లాస్, అంతకు మించితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి అని. నా చేతిలో ఆకు ఆగిపోయింది. నలభై ఏళ్లుగా కార్ఖానాలో నా బీడీలు బాగాలేవని ఏరి పక్కన పడేస్తూనే ఉన్నారు. అందులో మామూలు ఎంత, అన్యాయం ఎంత అనేది ఒక పుస్తకంలో రాసి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. మర్నాడే వెళ్లి బీడీలు లెక్కపెట్టే మున్షీని అడిగాను, "ఇది నార్మల్ లాసేనా, నువ్వే చెప్పు" అని. వాడు నోరు తెరిచి, "ముసలమ్మకు దయ్యం పట్టింది" అన్నాడు. కాని ఆ రోజు పక్కన పడేసినవాటిలోంచి రెండు కట్టలు వెనక్కి తీసుకున్నాడు.

శాంత ఎట్లా బతుకుతున్నదో చెబుతాను, విను. పొద్దున నల్లా, వంట, పిల్లను బడికి పంపడం. తొమ్మిదికల్లా చద్దర్ల కార్ఖానాలో లెక్కల గుమాస్తా పని. ఆరింటికి అక్కడినుంచే కొంతం చౌక్ దగ్గర క్లాసు. మొన్న నల్లా దగ్గర బిందె నిండి పొర్లుతుంటే నిలబడే నిద్రపోయింది. "ఏంది చంద్రభాగక్కా, నీ కోడలు నిలవడి పండుకుంటది, గుర్రమా?" అన్నది యల్లమ్మ. "గుర్రమే. మీ ఇంట్ల అన్నీ గాడిదలే గదా, నీకేం ఎరుక" అన్నాను. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. దాని మోచేతులు చూశావా ఎప్పుడైనా? వెదురు పుల్లల్లా అయ్యాయి.

ఒక గ్రూపు పాసైంది. రెండోది రెండుసార్లు తప్పింది. ఈసారి తప్పితే మళ్లీ పరీక్షకు కూర్చోనని అదే అంటున్నది. నువ్వు ఇప్పుడు తీసుకుపోతే కూర్చోవడమే ఉండదు. నాకు వేరే మాట రాదు యాదగిరీ. దానిని రాయనియ్యి.

వేలిముద్ర వేద్దామంటే బీడీలు చుట్టి చుట్టి నా వేళ్ల గీతలు అరిగిపోయాయి. కింద కనిపించే మరకే నా సంతకం.

చెప్పినది, నీ తల్లి
చంద్రభాగ


సోలాపూర్,
అక్టోబరు 28, 1991

యాదగిరీ,

ముందు ఈ అక్షరాలు చూడు. ఎవరివో నీకు తెలుసు. పలక మీద నీ వేలు పట్టి దిద్దించిన లింగయ్య సారువి. రిటైరై అశోక్ చౌక్ దగ్గరే ఉంటున్నారు. ఆయన ఇంటికి నేనే నడిచి వచ్చి, ఆయన అరుగు మీద కూర్చుని చెబుతున్నాను. శాంత ఇక్కడ లేదు. ఈ ఉత్తరం సంగతి దానికి తెలియదు.

నువ్వు శాంత పేర రాసిన జవాబును అది నాకు చదివి వినిపించలేదు. నిన్న నేను కార్ఖానా నుంచి వచ్చేసరికి, పుస్తకాలన్నీ సుతిలి తాడుతో కట్టి పాత కాగితాలు కొనే రద్దీవాడి తక్కెడలో పెడుతున్నది. ఆ మూట లాక్కుని అడిగితే అప్పుడు నీ ఉత్తరం తీసి వినిపించింది. "ఇది మా అవ్వ మాట కాదు. మా అవ్వ ఎన్నడన్న కనుక, గినుక అన్నదా? ముసలిదాని నోట్లె నీ మాటలు పెట్టి నాకే పంపుతవా? నేను వచ్చేటాల్లకు సామాన్లు కట్టుకొని ఉండు." అది ఏడవకుండా చదివింది. నాకు అదే భయం వేసింది. రెండుసార్లు పరీక్ష తప్పినప్పుడు ఏడ్చింది, మళ్లీ చదివింది. ఇప్పుడు ఏడవడం లేదు.

నేను చదువుకుని ఉంటే నా చేత్తో రాసేదాన్ని. నా మాట వేరేవాళ్ల చేతిలోంచే పోవాలి. ఆ చెయ్యి శాంతది కావడం దాని తప్పు కాదు. కాని ఒకరి నోట్లో మాట పెట్టడం అంటే ఏమిటో చెబుతాను, అది నాకు బాగా తెలిసిన పని.

నువ్వు మెట్రిక్ పరీక్షకు కట్టాల్సిన ఏడాది గుర్తుందా? ఈ లింగయ్య సారే మన ఇంటికి వచ్చి ఫారం ఇచ్చారు. తండ్రి వేలిముద్ర కావాలన్నారు. తర్వాత మూడో రోజు నేను నీకు చెప్పాను, "నాయిన వద్దంటుండు, మగ్గం మీద కూసొమ్మంటుండు" అని. పుస్తకాలు మగ్గం గుంటలో పడేసి దిగి కూర్చున్నావు. అప్పటినుంచి నాయిన పిలిస్తే పలకలేదు. ఆయన పోయినప్పుడు పాడె మోశావు, కంటతడి పెట్టలేదు.

నీ నాయిన వద్దనలేదు. ఫారం ఇచ్చిన రోజే, మగ్గం మీంచి లేవకుండానే, వేలు సిరాలో ముంచి వేశాడు. "పిలగాడు రాయనియ్యి, ఒక్కడన్న ఈ గుంటల నుంచి లేవాలె" అన్నాడు. నేనే ఫారం దాచాను. ఆయనకు చెప్పాను, "వాడు చదవనంటుండు, మగ్గమే మంచిగున్నదంటుండు" అని. మీరిద్దరూ ఎదురెదురు కూర్చుని మాట్లాడుకునే మనుషులు కాదు. ఏ మాటైనా నా మీదుగానే పోయేది. అందుకే నా పని సులువైంది.

ఎందుకు చేశానని అడుగుతావు. పక్క మగ్గం ఖాళీగా ఉందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. అది అబద్ధం. నువ్వు చదివితే నా చేతిలో ఉండవనుకున్నాను. నాకు తెలియని అక్షరాలు నిన్ను ఎక్కడికో తీసుకుపోతాయని భయపడ్డాను. చదువు లేకుండా ఉంచినా నువ్వు భివండి పోయావు. నా దగ్గర మిగిలింది శాంత. దానికి కూడా అదే చేస్తే నేను మనిషినేనా?

ఇక్కడ సారు కలం ఆపేశారు. "చంద్రభాగమ్మా, మీ ఆయన బాలయ్య బతికున్నన్నేండ్లు నేను ఎదురుపడితే తల తిప్పుకున్న. పిల్లగాని చదువు చెరిపిండని" అన్నారు. "ఆ మాట కూడా రాయుండ్రి సారూ" అన్నాను. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని రాశారు.

ఫారం చింపలేదు. చింపడానికి చెయ్యి రాలేదు. ఈ ఉత్తరంలో పెట్టి పంపుతున్నాను. వేలిముద్ర మధ్యలో అడ్డంగా తెల్లటి గీత ఉంటుంది చూడు. నేస్తుంటే మగ్గం నాడె ఎగిరి తగిలి చీలిన బొటనవేలు. ఆ వేలు ఈ ఊళ్లో ఒక్కరికే ఉండేది.

నన్ను ఏమైనా అను. అమ్మా అని పిలవకు, ఇంటికి రాకు. కాని ఇది శాంత చెప్పించిన మాట అని మాత్రం అనకు. దాని పరీక్ష డిసెంబరు మొదటి వారంలో మొదలు, పూణేలో. నీ నాయిన నీకు ఇచ్చినది నేను నీకు అందనియ్యలేదు. అది నువ్వు దానికి ఇయ్యి.

నీ నాయిన నోట్లోనూ నీ నోట్లోనూ మాట పెట్టినది,
చంద్రభాగ


సోలాపూర్,
డిసెంబరు 8, 1991

పూణేలో మనకు తెలిసిన పార్వతీబాయి ఇంట్లో ఉండి పరీక్షలు రాస్తున్న నా కోడలు శాంతకు, చల్లగా ఉండమని దీవించి అత్త చెప్పేది.

ఈ రాత చూసి గుండె జారనియ్యకు. రాస్తున్నది నీ మొగుడు, చెబుతున్నది నేను. నీ రాత చూసి అప్పుడు వాడు పడిన తప్పులో ఇప్పుడు నువ్వు పడకు.

దీపావళికి వాడు రాలేదు. ఉత్తరం లేదు. ఇంక రాడనుకునే నేను, ఆ ఫారం సంగతంతా నీకు చెప్పి, నిన్ను బండి ఎక్కించాను. ఎక్కించిన మర్నాడే దిగాడు. చేతిలో సంచీ, జేబులో ఆ ఫారం. నువ్వు ఎక్కడని మనుమరాలిని అడిగాడు, నన్ను అడగలేదు. పరీక్షకు పోయిందని అది చెప్పింది. "మంచిది" అన్నాడు. అంతే. తర్వాత లింగయ్య సారు ఇంటికి వెళ్లి పొద్దు గూకేదాకా కూర్చున్నాడు.

ఆరు రోజులైంది. నాతో మాట్లాడడు. నేను వండింది తినడు. తనే వండుకుంటాడు, మనుమరాలికీ పెడతాడు. నీ మొగుడికి అన్నం మాడగొట్టడం బాగా వచ్చునని రాయమన్నాను. రాశాడు, కలం గట్టిగా నొక్కి రాశాడు, కాగితం వెనక చేత్తో తడిమితే తెలుస్తున్నది. ఇరవై ఏళ్లుగా వాడి నోట మీ మామ పేరు వినలేదు. ఇప్పుడు బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుని, "మీ తాత మగ్గానికి సాలు పోస్తే ఒక్క పోగు తెగకపోయేది" అని చెబుతున్నాడు. నేను వినాలనే చెబుతున్నాడు. వింటున్నాను.

నాతో మాట్లాడని వాడు నేను చెప్పింది రాస్తాడా అని భయపడుతూనే అడిగాను. "శాంతకు ఒక ఉత్తరం రాయించాలె. సారు ఇంటికి పోవుడు నాతోని కాదు, మోకాళ్లు పట్టినయి" అని గోడతో చెప్పినట్టు చెప్పాను. కాగితం తెచ్చుకుని కూర్చున్నాడు. నా మాటను వాడూ నీలాగే దిద్దుకుంటూ రాస్తున్నాడు.

ఇది చేరేసరికి ఇంకా రెండు పేపర్లు ఉంటాయి. ఇల్లు ఏమైందో, ఆయన ఏమన్నాడో అని ఆ రెండూ పాడు చేసుకోకు. పిల్లకు జ్వరం లేదు, దగ్గు లేదు. కార్ఖానాలో నీ సెలవు గురించి వాడే వెళ్లి చెప్పి వచ్చాడు. పాసవుతావో లేదో నాకు తెలియదు. ప్రశ్నలన్నీ చదివి, జవాబు తెలిసినంత రాసి, ఆఖరి గంట కొట్టాకే లే. మధ్యలో లేచి రాకు. మన ఇంట్లో మధ్యలో లేపినవాళ్లు చాలు.

ఇంకొక్క మాట రాయరా అని వాడికి చెప్పాను.

అమ్మ ఇక్కడ, తన కొడుకు తనను ఎన్నటికీ క్షమించడని రాయమంది. అది నేను రాయను. క్షమించానని కూడా ఇప్పుడు రాయలేను శాంతా. నువ్వు రాసిన అమ్మ ఉత్తరాన్ని నీ మాట అనుకున్నందుకు నీకు మాత్రం క్షమాపణ చెప్పుకుంటున్నాను. భివండి ఖోలీ వదిలేసి వచ్చాను. తర్వాత సంగతి నువ్వు వచ్చాక ఇద్దరం కూర్చుని, ఎదురెదురుగా మాట్లాడుకుందాం.

నేను చెప్పింది చిన్న మాట. వీడు రాసింది అంతకంటే చాలా పొడుగు. ఏం రాశావురా అంటే కళ్లు తుడుచుకుంటున్నాడు. నువ్వు వచ్చాక ఆ జాగా నాకు చదివి చెప్పు. ఏదున్నా చదువు, దాచకు.

చెప్పినది, నీ అత్త చంద్రభాగ
రాసినది, యాదగిరి